గాదెల కథ, కప్పం లెక్క

ఓరుగల్లు ఎలా పడిందన్న మాట హనుమకొండలో ఎక్కడ మొదలైనా చివరికి గాదెల దగ్గరికే వస్తుంది. 1321లో ఢిల్లీ సేన ముట్టడి విడిచి దేవగిరి దారి పట్టగానే కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు పీడ వదిలిందనుకున్నాడట. కోటలో దాచిన ధాన్యాన్ని బయటపెట్టించాడట. తర్వాత ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ కొత్త బలగంతో తిరిగొచ్చేసరికి లోపల తిండిగింజలు లేకపోయాయట. ఆ గాదెలు నిండుగా ఉండి ఉంటే ఈ నేల చరిత్ర ఇంకోలా ఉండేదన్నది మనం ఇష్టపడే ఊహ. ఇందులో ఊరట ఉంది. తప్పు ఒక్కటే, అది కూడా ఒక్క రాజుదే. కానీ 1323లో ఐదు నెలలు సాగిన రెండో ముట్టడిలో ధాన్యం ఇంకొంత ఉంటే కోట ఒక వానాకాలం దాకా నిలిచేదేమో. వచ్చిన సైన్యం ఎందుకు వచ్చిందన్నది మాత్రం మారేది కాదు. నా దృష్టిలో ఓరుగల్లును కూల్చింది గాదెల లోటు కాదు. కాకతీయులను సామంతుల స్థాయి నుంచి సామ్రాజ్యం దాకా మోసుకొచ్చిన కిటుకే చివరికి వాళ్లను ముంచింది.

ఆ కిటుకు ఏమిటో తెలియాలంటే ముందు ఎక్కిన మెట్లు చూడాలి. కాకతీయుల పేరు చరిత్రలోకి వచ్చింది రాజులుగా కాదు, రాష్ట్రకూటుల కొలువులో సేనానులుగా. తర్వాత కళ్యాణి చాళుక్యుల పక్షాన నిలిచారు. ఆ సేవకు ప్రతిఫలంగా మొదటి ప్రోలుడికి అనుమకొండ విషయం, అంటే ఇప్పటి హనుమకొండ చుట్టుపక్కల సీమ, శాశ్వతంగా దక్కిందని కాజీపేట దర్గా శాసనం చెబుతోంది. అంటే ఈ ఊరు మొదట ఒకరు ఇస్తే దక్కిన ఊరే. అయితే పైవాడికి తలవంచిన ఆ తరాలు ఊరికే కూర్చోలేదు. ప్రోలుడు కేసరి తటాకం తవ్వించాడు. చెరువు కింద సాగు పెరిగితే పన్ను పెరుగుతుంది, పన్నుతో సైన్యం పెరుగుతుంది. దూరాన కూర్చున్న ప్రభువుకు కట్టాల్సింది కట్టేస్తే మిగిలిన కాలమంతా సామంతుడిదే. గణపతిదేవుడి కాలానికి పాకాల, రామప్ప చెరువుల దాకా సాగిన ఆ పని మొదలైంది సామంత హోదాలోనే. 2015లో చెరువుల పునరుద్ధరణ పథకానికి తెలంగాణ ప్రభుత్వం కాకతీయుల పేరు పెట్టినప్పుడు ఈ సంగతి ఎవరికైనా గుర్తొచ్చిందో లేదో.

ఇక తలెత్తిన తీరు. రెండో ప్రోలుడు తన ప్రభువైన చాళుక్య తైలపుణ్ణి యుద్ధంలో పట్టుకుని కూడా భక్తితో విడిచిపెట్టాడని వేయిస్తంభాల గుడి శాసనం చెప్పుకుంటుంది. భక్తి కావచ్చు. అయితే ప్రభువు పేరు ఇంకా పనికొస్తున్నంత కాలం దాన్ని చెరిపేయడంలో లాభం లేదన్నది కూడా నిజమే. ఈలోగా కళ్యాణిలో కలచురి బిజ్జలుడు అధికారాన్ని తన గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు, 1162 నాటికి చక్రవర్తి బిరుదులు కూడా తగిలించుకున్నాడు. మరుసటి సంవత్సరం, 1163 జనవరిలో, ప్రోలుడి కొడుకు రుద్రదేవుడు వేయించిన శాసనంలో చాళుక్యుల పేరు ప్రభువుగా కనిపించదు. మనం స్వాతంత్ర్య ప్రకటన అని చెప్పుకునేది దీన్నే. పెద్ద ఇంటికి నిప్పంటుకున్నాక గడప దాటడం అది. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. సమయం కనిపెట్టడం కూడా సామర్థ్యమే. కానీ బిజ్జలుడు కళ్యాణిలో ఆ పని చేయకపోయి ఉంటే ఆ ప్రకటన ఇంకో ఇరవై ఏళ్లు ఆలస్యమయ్యేదని ఒప్పుకోవాలి.

ఆ స్వాతంత్ర్యమైనా ఎంత పలుచనిదో 1199 చూపిస్తుంది. దేవగిరి యాదవులతో పోరులో రుద్రదేవుడు పోయాడు, అతని తమ్ముడు మహాదేవుడు పోయాడు, మహాదేవుడి కొడుకు గణపతి శత్రువుకు చిక్కాడు. రాజ్యాన్ని చేతుల మీద నిలబెట్టింది రేచెర్ల రుద్రుడనే సేనాని. 1213లో రామప్ప గుడి శాసనం వేయించినవాడు ఇతడే. యాదవ జైతుగి గణపతిని విడిచిపెట్టి పంపాడు, ఆ సంగతిని యాదవులు తమ దయగా రాయించుకున్నారు. రెండో ప్రోలుడు తైలపుణ్ణి వదిలిన పనినే ఇప్పుడు జైతుగి గణపతి విషయంలో చేశాడు. ఆ వదలడమే లేకపోతే వెలనాడు, దివిసీమలు కలిసేవి కావు, కంచి దాకా దండు వెళ్లేది కాదు, 1244లో మోటుపల్లి రేవులో ఓడసరుకు మీద ముప్పయ్యో వంతు సుంకమే తీసుకుంటామన్న అభయ శాసనం పడేది కాదు. మన చరిత్రలో అసలైన 'అలా జరిగి ఉంటే' ఏదంటే నేను 1323 కంటే ముందు దీన్నే చూపిస్తాను. దీని మీద కథలెవరూ అల్లలేదు, ఎందుకంటే ఇందులో మనకు మేలే జరిగింది.

ఈ రెండు విడుదలల వెనక ఆ కాలపు దక్కన్ రాజనీతి ఉంది. గెలిచినవాడు ఓడినవాణ్ణి తుడిచిపెట్టడు. కప్పం తీసుకుంటాడు, గద్దె మీదే ఉంచుతాడు. ఓడినవాడు బలహీనంగా ఉన్నప్పుడు కడతాడు, పైవాడి ఇంట్లో గొడవ రాగానే మానేస్తాడు. ప్రతాపరుద్రుడు ఢిల్లీతో ఆడింది అచ్చంగా ఈ ఆటే. 1310లో అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ మట్టికోటను పట్టి రాతికోటను చుట్టుముడితే ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి పంపాడు. 1316లో అలాఉద్దీన్ పోయాక కప్పం ఆగింది. 1318లో ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ సైన్యంతో వస్తే ప్రతాపరుద్రుడు కోటగోడ ఎక్కి ఢిల్లీ వైపు తిరిగి నమస్కరించాడని కవి అమీర్ ఖుస్రో రాశాడు. 1320లో ఖిల్జీ వంశమే కూలింది. కప్పం మళ్లీ ఆగింది. రుద్రదేవుడు కళ్యాణి వైపు చూసి వేసిన లెక్కనే అతని తమ్ముడి ముని మునిమనవడు ప్రతాపరుద్రుడు ఢిల్లీ వైపు చూసి వేశాడు. తేడా ఒక్కటే. కొత్తగా గద్దెనెక్కిన తుగ్లక్‌లు ఆ ఆట మానేశారు. దేవగిరి అప్పటికే ఢిల్లీ రాష్ట్రం అయిపోయింది. ఓరుగల్లు కూడా సుల్తాన్‌పూర్ అయింది, రాజు బందీగా ఉత్తరానికి పోతూ నర్మద ఒడ్డున కన్నుమూశాడు. ఈసారి విడిచిపెట్టడం లేదు.

ఇక్కడ మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, జరగనిదాని గురించి వాదన దండగ అని. సరే, కానీ గాదెలు ఖాళీ కావడం వల్ల ఓడామన్న ప్రతివాడూ ఖాళీ కాకపోతే గెలిచేవాళ్లమని అంటూనే ఉన్నాడు. కారణం చెప్పిన ప్రతిచోటా జరగనిది వెనక నిలబడే ఉంటుంది. రెండోది, పైవాడు ఇస్తే దక్కిన ఊరంటూ సామంత అనుమకొండను వలసలా చూపడం తగదని. ఇది నిజమైన అభ్యంతరం. ఇంగ్లీషువాళ్లు మన నేలను ఏలినట్టు చాళుక్యులు ఈ సీమను ఏలలేదు, ఇక్కడ కూర్చున్నది ఇక్కడి కుటుంబమే. నేను చెబుతున్నది పైవాడికి కట్టి, కిందివాడి దగ్గర వసూలు చేసి, మధ్యలో ఎదిగిన మార్గం గురించి. ఆ మార్గం మనకొక్కరికే చెందింది కాదు. మాస్కో ప్రభువులు మంగోలు ఖానుల తరఫున కప్పం వసూలు చేసి పెడుతూ తరాల తరబడి బలిశారు. 1480లో ఉగ్రా నది ఒడ్డున ఖాను సేన వెనుదిరిగాక ఆ భారం దించుకున్నారు, తర్వాత రష్యా సామ్రాజ్యమయ్యారు.

మూడో అభ్యంతరం గట్టిది. కప్పం కడుతూనే ఉండి ఉంటే ఏం ఒరిగేది, దేవగిరి రామచంద్రుడు కట్టలేదా, అతని రాజ్యం మిగిలిందా? రామచంద్రుడు బతికినంత కాలం మిగిలింది. అతని అల్లుడు హరపాలుడు తిరగబడ్డాక ఢిల్లీ దాన్ని పూర్తిగా కలిపేసుకుంది. అటు హొయసల మూడో వీరబల్లాలుడు 1311లో లొంగాడు, దెబ్బలు తింటూ, సర్దుకుంటూ 1342 దాకా గద్దె మీదే ఉన్నాడు. ఈలోగా ఢిల్లీ పట్టు తనంతట తానే సడలింది. 1335లో మధుర విడిపోయింది, 1347లో దక్కన్‌లో బహమనీలు లేచారు. అంటే ప్రతాపరుద్రుడికి నిజంగా చేతిలో ఉన్న ఇంకో దారి గాదెల్లో లేదు, ఇంకో పదిహేనేళ్లు కప్పం మోయడంలో ఉంది. అవమానమే, ఖజానాకు భారమే. చెరువులు, మోటుపల్లి వంటి రేవులు ఉన్న రాజ్యానికి మోయలేని భారమైతే కాదు. 1335 నాటికి ఓరుగల్లులో కాకతీయుడు గద్దె మీద ఉండి ఉంటే విజయనగరం ఏ రూపంలో లేచేదో, బహమనీలకు తూర్పున ఎంత చోటు దొరికేదో చెప్పబోవడం ఊహకు కళ్లెం వదిలేయడమే. అంతదూరం నేను పోను.

కానీ ఒక సాక్ష్యం ఉంది. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఢిల్లీ అధికారులను తరిమి ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు. రాజు పోయినా, ఆయన కింద సేన నడిపిన నాయకుల వ్యవస్థ చావలేదనడానికి అదే రుజువు. చనిపోయింది వాళ్లందరి మీద నిలబడే గద్దె. ఆ గద్దె లేని నాయకులు ఏం చేశారో కూడా చరిత్రలో ఉంది. కాపయ 1360లలో గోల్కొండను బహమనీలకు వదులుకోవాల్సి వచ్చింది. తర్వాత రాచకొండ రేచెర్ల నాయకులతో భీమవరం దగ్గర పోరాడి పడిపోయాడు. ఆ యుద్ధంలో రెండు వైపులా నిలబడినవాళ్లు ఓరుగల్లు కొలువులో పెరిగిన వంశాలవాళ్లే.