దవడ కోసం తుంటి కోయడం ఎన్నాళ్లు?



గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డకు పెదవి కుట్టేస్తే పని అయిపోయిందనుకుంటాం. అవదు. మూడు నెలలు దాటాక పెదవి, ఏడాది అటూ ఇటుగా అంగిలి, ఆ తర్వాత ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య చాలామందికి ఇంకో ఆపరేషన్ ఉంటుంది. పైదవడ చిగుళ్ల గట్టులో మిగిలిన చీలికను ఎముకతో పూడ్చాలి. లేకపోతే కోరపన్ను దిగడానికి చోటుండదు, ముక్కు ఆ పక్కకు కుంగుతుంది, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. పూడ్చే ఎముకను ఎక్కువగా ఆ బిడ్డ తుంటి నుంచే తీస్తారు. 1972లో బోయిన్, శాండ్స్ అనే అమెరికన్ డాక్టర్లు రాసిపెట్టిన పద్ధతి ఇది. యాభై ఏళ్లు దాటినా మన ఆసుపత్రుల్లో నడుస్తున్నది అదే.

(గ్రహణానికీ మొర్రికీ ఏ సంబంధమూ లేదు. గ్రహణం రోజున కూర తరిగిందని తల్లిని ఇంకా ఆడిపోసుకునే ఇళ్లున్నాయి కాబట్టి ఈ మాట రాయాల్సి వస్తోంది.)

తుంటి ఎముకను మేం తీసిపారేయడం లేదు. దాని లోపలి మెత్తటి భాగంలో బతికున్న కణాలుంటాయి, సొంతది కనుక ఒంటికి పడుతుంది, వేరే సరుకు కొనే పని లేదు. అయితే ఆపరేషన్ మర్నాడు వార్డులో ఆ పిల్లల్ని పలకరించి చూడండి. మేం చూసినంతలో నోరు చూపించేవాళ్లు తక్కువ, నడుం పక్కన చెయ్యి వేసి ఏడ్చేవాళ్లు ఎక్కువ. కొన్నాళ్లు కుంటుతూ నడుస్తారు. పెట్టిన ఎముక కరిగిపోతే మళ్లీ తుంటి దగ్గరికే వెళ్లాలి.

ఎముక పోయిన మిగతావాళ్ల సంగతీ ఇంతే. 2021లో కరోనా వెనకే వచ్చిన బ్లాక్ ఫంగస్ జూన్ చివరికే దేశంలో 40 వేల మందికి పైగా సోకింది. ఎందరికో పైదవడ తీసేయాల్సి వచ్చింది. బైకు ప్రమాదంలో మెదడు వాచినవాడికి పుర్రె ముక్క తీసి, వాపు తగ్గేదాకా పొట్ట చర్మం కింద దాచిపెడతారు. తిరిగి అమర్చాక ఆ ముక్క కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, కరిగిపోతుంది. టైటానియం రేకు వేయొచ్చు గానీ, బిడ్డ పెరిగినా రేకు పెరగదు.

మరి ఎముకను పుట్టించలేమా? 1965లోనే మార్షల్ యూరిస్ట్ అనే అమెరికన్ డాక్టరు ఖనిజం తీసేసిన ఎముకను జంతువుల కండలో పెట్టి, అక్కడ కొత్త ఎముక మొలవడం చూపించాడు. ఆ పని చేయించే ప్రోటీన్లను బీఎంపీ అంటారు. 2004లో జర్మనీలోని కీల్ డాక్టర్లు టైటానియం జాలీలో ఖనిజపు దిమ్మెలు, బీఎంపీ, రోగి మూలుగ నింపి, అతని వీపు కండలోనే దవడను పెంచి, ఏడు వారాలకు తీసి ముఖానికి అమర్చారు. అదే దేశంలోని గీసెన్‌లో ఏడేళ్ల పాప పుర్రెకు పడిన కంతను మూయడానికి ఆమె కొవ్వు నుంచి తీసిన కణాలను కూడా వాడారు.

ఇరవై ఏళ్లు గడిచాయి. ఇంకా ఎందుకు అందరికీ అందలేదు? ప్రాణవాయువు రక్తనాళం నుంచి మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు దూరమే చేరగలదు. పెద్ద గుంతలో నింపిన కణాలు నాళాలు అల్లుకునేలోపే ఊపిరాడక చస్తాయి. పైగా నోరు, ముక్కు సూక్ష్మజీవుల సంత. బీఎంపీ మందుకు అమెరికా 2002లో వెన్నెముకకు, 2007లో దవడలో కొన్ని పనులకు అనుమతిచ్చింది. అయితే మెడ ఆపరేషన్లలో వాడితే గొంతు వాచి ప్రాణం మీదికి వస్తోందని 2008లో అక్కడి ప్రభుత్వమే హెచ్చరించింది. కాబట్టి రేపే తెచ్చి పిల్లల నోట్లో పెట్టమని మేం అడగడం లేదు. పరీక్ష (క్లినికల్ ట్రయల్) మొదలుపెట్టమంటున్నాం.

ఇలాంటిది మనవల్ల కాదనేవాళ్లకు హైదరాబాదే జవాబు. కంటి నల్లగుడ్డు అంచు నుంచి తీసిన మూలకణాలను పొరగా పెంచి ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001లోనే చూపు తెప్పించడం మొదలుపెట్టింది. 2022లో అదే సంస్థ, ఐఐటీ హైదరాబాద్, పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటర్‌పై కార్నియా చేశాయి. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ ఎముక పట్టుకునే సిరామిక్ సరుకు మీద ఏళ్లుగా పనిచేస్తోంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్‌లకు రోగులు రానే వస్తున్నారు. వీళ్లందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టేవాళ్లే లేరు.

రెండు తెలుగు ప్రభుత్వాలూ కలిసి ఒక కేంద్రం పెట్టి, మొర్రి పిల్లలతో మొదలుపెట్టాలి. వాళ్ల గుంత చిన్నది, రెండు పక్కలా సొంత ఎముకే, ఫలితం స్కానులో కొలవొచ్చు. అనుమతి ఉన్న సిరామిక్ పొడిలో, తుంటి కోయకుండా సూదితో తీసిన మూలుగ కలిపి కొందరికి; పాత పద్ధతిలో కొందరికి. తల్లిదండ్రులకు అర్థమయ్యే తెలుగులో అన్నీ చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. నైతిక కమిటీ చూడాలి, జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఓడిపోయినా ఫలితం బయటపెట్టాలి. రానూపోనూ చార్జీలు, కూలి పోయిన రోజుల డబ్బు ప్రభుత్వమే ఇవ్వాలి. ఈ చివరిది లేకపోతే పల్లె పిల్లలు రెండో స్కానుకు రారు.

ఈలోగా ఒక జాగ్రత్త. స్టెమ్‌సెల్స్‌తో, అంటే మూలకణాలతో, ఎముక మొలిపిస్తామని లక్షలు అడిగేవాళ్లు తగలొచ్చు. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప, అనుమతి పొందిన పరీక్ష బయట స్టెమ్‌సెల్ చికిత్స చేయకూడదు. పరీక్షలో చేరినవాళ్ల దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా బిల్లు చూపిస్తే లేచి వచ్చేయండి.

సోమవారం తెలంగాణలో కలెక్టరేట్ ప్రజావాణికి, ఆంధ్రలో కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు ఈ కాగితమే పట్టుకెళ్లి అర్జీగా ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి.

ఇట్లు,
మొర్రి ఆపరేషన్ అయిన పిల్లల తల్లిదండ్రులం, వాళ్లకు వైద్యం చేసే డాక్టర్లం కొందరం