ఆటబల్ల వద్ద అమ్మమ్మకు ఒక ఆసనం

ఆట అనగానే మన మనస్సులో మెదిలేది మైదానం. మైదానపు ఆటలకు కళాశాలలో బహుమతులున్నాయి, ప్రోత్సాహముంది. నలుగురు ఒక పలక చుట్టూ కూర్చుండి ఆడుకునే ఆటను మాత్రం కాలహరణమని తోసివేస్తాము. ఈ అభిప్రాయం సరికాదని నా విన్నపం.

జర్మనీ దేశపు ఎస్సెన్ నగరంలో ఏటేటా అక్టోబరు మాసంలో నాలుగు రోజుల పాటు ఆటల సంత జరుగుతుంది. 1983లో ఒక వయోజన విద్యాకేంద్రంలో చిన్నదిగా ఆరంభమైన ఆ సంతకు 2024లో రెండు లక్షల మందికి పైగా వచ్చారు. అదే దేశంలోని న్యూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శన వర్తకుల కొరకు ఏర్పడినది. ఎస్సెన్ సంత కుటుంబాల కొరకు. అక్కడ వస్తువులను దూరం నుండి చూచి పోవడం కాదు. ఖాళీ కుర్చీ దొరికితే కూర్చోవచ్చు. నియమాలు బోధించేవారు పక్కనే ఉంటారు. ఆడి చూచి నచ్చితే కొనవచ్చు, లేకుంటే మరొక బల్లకు పోవచ్చు. తండ్రీ కుమార్తెలు అపరిచితులతో కలిసి ఒకే బల్ల వద్ద ఆడతారు. ఆ దేశంలో 1979 నుండి ఉత్తమమైన ఆటకు పురస్కారం కూడ ఇస్తున్నారు. అనగా గ్రంథానికి వలెనే ఆటకూ విమర్శకులున్నారన్నమాట.

ఈ సంపద మనకు కొత్తదా? 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన లూడో మన పచ్చీసుకు రూపాంతరమే. భారతదేశంలో పుట్టిన చదరంగం ఇరాన్ మీదుగా అరబ్బులను చేరి షత్రంజ్ అయింది. అబ్బాసీ ఖలీఫాల కాలంలో అల్ అద్లీ, అస్ సూలీ దానిపై గ్రంథాలే రచించారు. హంపీ మండపాల రాతినేలపై చెక్కిన ఆటగళ్లు నేటికీ కనిపిస్తాయి.

ఆట జూదానికి దారితీస్తుందని పెద్దలు భయపడతారు. ఆ భయం నిరాధారం కాదు. పాచికలు పాండవులను అడవుల పాలు చేశాయి. ఇస్లాం మైసిర్‌ను, అనగా జూదాన్ని, స్పష్టంగా నిషేధించింది. షత్రంజ్ విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయాలూ ఉన్నాయి. కాని కీడంతా పందెంలో ఉన్నది. మన పులిజూదాన్ని చూడండి: పేరులో జూదమున్నా మూడు పులులు, పదిహేను మేకలు తప్ప పణంగా పెట్టేదేమీ లేదు! గవ్వలు సైతం అక్కరలేదు, ఉన్నదంతా ఆలోచనే.

అసలు నా ఆవేదన వేరు. అష్టాచెమ్మా, వామనగుంటలు, పచ్చీసు మన అమ్మమ్మలకు, నానమ్మలకు, నానీలకు, దాదీలకు కంఠస్థం. ఒక్కొక్క ఇంట ఒక్కొక్క పద్ధతి. వానిలో అనేకం ఏ పుస్తకంలోనూ లేవు. ఆ తల్లులలో చాలమంది బడి మెట్లు ఎక్కినవారు కారు. కళాశాల వార్షికోత్సవానికి వచ్చినా వెనుక వరుసలో ప్రేక్షకులుగా కూర్చుండి, ఉపన్యాసాలు విని వెళ్లిపోతారు. వారితోపాటే ఆ ఆటలూ వెళ్లిపోతున్నాయి.

కనుక కళాశాల సంఘానికి నా మనవి ఇది. వార్షికోత్సవాలలో ఒక దినం, ఒక విశాలమైన గది ఈ ఆటలకు కేటాయించండి. పందెం ఉండరాదు, బహుమతి ధనం అసలే ఉండరాదు. ప్రతి విద్యార్థీ తన ఇంటి పెద్దను, ఆమెకు తెలిసిన ఒక ఆటను వెంటబెట్టుకొని రావాలి. ఖర్చు ఎంత? కొన్ని చాపలు, సుద్దముక్కలు, గవ్వలు, చింతగింజలు. ఆమె నేర్పిన నియమాలను ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి, వచ్చే సంచికలో అచ్చు వేయవచ్చు.

ఉర్దూ శాఖవారు, తెలుగు శాఖవారు ఒకే ప్రాంగణంలో చదువుతూ కూడ పలకరింపులతోనే సరిపెట్టుకుంటున్నాము. గవ్వలు దొర్లించేటప్పుడు ఏ భాషలో లెక్కించినా నాలుగు నాలుగే, ఎనిమిది ఎనిమిదే. ఆ రోజున చదువురాని ఒక ముసలితల్లి ఉపాధ్యాయురాలవుతుంది. పట్టభద్రులు కావలసిన మనం ఆమె ముందు విద్యార్థులమవుతాము. కళాశాలకు ఇంతకంటె గౌరవప్రదమైన ఉత్సవం మరేముంటుంది?