వై, ఎం, ఎన్ - ఏది నొక్కాలి?

కంప్యూటరులో ఒక పరికరం ఉన్నంత మాత్రాన అది పనిచేస్తుందా? చెయ్యదు. దానితో పని చేయించటం తెలిసిన ప్రోగ్రాము కూడా ఉండాలి. దాన్నే డ్రైవర్ అంటారు. బస్సు డిపోలో ఉంది, డ్రైవరు రాలేదు. ప్రయాణం సాగుతుందా?

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంను 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించాడు. దాని కేంద్రభాగం పేరు కెర్నెల్, అంటే గింజలోని పప్పు. దాని మూలప్రోగ్రామును ఎవరైనా తెచ్చుకొని, తమ యంత్రానికి తగినట్లు తయారుచేసుకోవచ్చు. అప్పుడు 'మెనూకాన్‌ఫిగ్' అనే పట్టికలో డ్రైవర్లన్నీ వరుసగా కనిపిస్తాయి. వై నొక్కితే ఆ డ్రైవర్ కెర్నెల్‌లోనే కలిసిపోతుంది. ఎం నొక్కితే విడిగా మాడ్యూల్‌గా తయారై, అవసరమైనప్పుడు వచ్చి చేరుతుంది. ఎన్ అంటే వద్దు.

"అన్నిటికీ వై నొక్కేస్తే సరిపోతుంది కదా?" అంటారేమో. సరిపోదు. యంత్రంలో లేని పరికరాల డ్రైవర్లు కూడా మెమరీలో చోటు ఆక్రమిస్తాయి. కెర్నెల్ తయారవటానికి పట్టే కాలమూ పెరుగుతుంది. పోనీ, తెలియనివాటికి ఎన్ నొక్కుదామా? పట్టికలోని సహాయ వాక్యాలు చాలాచోట్ల ఇచ్చే సలహా అదే. సలహా మంచిదే కాని, అక్కడితో ఆగిపోవటం మంచిది కాదని నా అభిప్రాయం.

ఎందుకో చూడండి. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు చిప్పులో యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే భాగం ఒకటి ఉంది. ఎవరూ ముందుగా ఊహించలేని ఇలాంటి సంఖ్యలతోనే రహస్య సంకేతాల తాళంచెవులు తయారుచేస్తారు. సౌండు డ్రైవర్ వదిలేస్తే పాట వినపడదు, పొరపాటు వెంటనే తెలుస్తుంది. ఈ భాగం డ్రైవర్ వదిలేస్తే ఏదీ ఆగదు. కీబోర్డు, డిస్కు వంటివి సంకేతాలు పంపే సమయాల్లోని చిన్న చిన్న తేడాలను పోగుచేసుకొని కెర్నెల్ పని నెట్టుకొస్తుంది. అయితే యంత్రం ఆన్ చేసిన తొలి క్షణాల్లో అలాంటి తేడాలు తక్కువే దొరుకుతాయి. సరిగ్గా ఆ సమయానికి కావలసిన సాధనం చిప్పులోనే ఉండి నిద్రపోతూ ఉంటుంది!

కాబట్టి ముందు మీ యంత్రంలో ఏయే పరికరాలున్నాయో జాబితా రాసుకోండి. ప్రతిదానికీ సహాయ వాక్యాలు చదవండి. వెతికిన డ్రైవర్ పట్టికలో కనబడకపోతే, అది ఆధారపడిన మరో అంశం ఎన్‌లో ఉందేమో చూడండి. పాత కెర్నెల్‌ను మాత్రం చెరపకండి. కొత్తది మొరాయిస్తే అదే ఆదుకుంటుంది.

తెలియక వద్దనటం ఈ రోజుకు ఫరవాలేదు. రేపటికల్లా తెలుసుకొని, అప్పుడు అవునో కాదో మీరే చెప్పండి.