అద్దం చూపని వీపు

నాట్యశిక్షణాలయాలలో గోడ నిండా అద్దం బిగించడం ఇప్పుడు ప్రతిష్ఠకు చిహ్నమైనది. అది చాలదన్నట్లు సెల్‌ఫోనులో పట్టిన దృశ్యం చూపి పిల్లల తప్పులు దిద్దుతున్నారు. నర్తకి తన దేహాన్ని తాను తెలుసుకొనే మార్గం ఇదేననే వారితో నాకు పేచీ ఉన్నది.

నందికేశ్వరుని గ్రంథం పేరే 'అభినయదర్పణం' కదా అని వారి వాదం. అయ్యా, ఆ దర్పణం శాస్త్రం, గాజుపలక కాదు. జపాను నో నాటకాచార్యుడు జెయామి 1424లో వ్రాసిన 'కక్యో' పేరుకూ అర్థం పుష్పదర్పణమే. అందులో ఆయన బోధ ఏమిటి? నటుని కన్ను ముందును, పక్కలను చూడగలదే గాని వెనుకను చూడలేదు. కనుక మనసును ప్రేక్షకుని చోట నిలిపి, అక్కడినుండి తన్ను తాను దర్శించుకోవాలి.

"అందుకు కెమెరా ఉన్నది గదా!" అంటారేమో. కెమెరా ఆట ముగిసిన పిదప చూపుతుంది. జెయామి కోరినది ఆడుతుండగానే కలుగవలసిన ఎరుక. నో నటుడు రంగానికి వెళ్ళేముందు అద్దాల గదిలో ముఖం తొడిగి తన రూపు చూచుకొంటాడు, నిజమే. ఆపైన ఆ ముఖపు సన్నని కంతలలోనుండి తన పాదాలైనా అతనికి సరిగా కనబడవు. వేదిక మీది స్తంభమే గురుతుగా నడుస్తాడు. అద్దం ఆ గదిలోనే ఆగిపోయింది.

జపాను దాకా ఎందుకు? మన కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేస్తుంది. ముఖం కనబడక మునుపే ఆ జడ ఆమె గర్వాన్ని చెప్పాలి. ఏ అద్దం నేర్పుతుంది ఆ విద్య? వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) పురుషుడై ఉండి సత్యభామగా, ఉషగా దశాబ్దాలపాటు రసికులను మెప్పించారు. అద్దం ఆయనకు చూపగలిగినది రంగు, నగలు, చీరకట్టు. అది ఆహార్యం మాత్రమే. మెడ వాల్పులో, నడకలో పలికిన సత్యభామ లోపలి ఎరుక.

పట్నంలో నాట్యం నేర్చుకొంటున్న మా మనుమరాలు నల్లపాడు వచ్చినప్పుడు "ఏమి నేర్చుకొన్నావే?" అని అడిగాను. "లావయ్యాను తాతయ్యా" అన్నది. పదకొండేళ్ళ పిల్ల! అడుగు చెప్పలేదు, జతి చెప్పలేదు. ఆ అద్దం ఆమెకు నర్తకిని కాదు, సరుకును చూపింది. మా గుంటూరు యార్డులో మిరపకాయకు రంగు చూచి ధర కడతారు. ఘాటు కొరికితేగాని తెలియదు. నాట్యాన్నీ యార్డు చేయవలెనా?

ఆచార్యులకు నా విన్నపం ఒక్కటే. వారానికి రెండు రోజులైనా అద్దానికి తెర దించండి. పిల్లను వెనుదిరిగి ఆడమనండి. ఆమె అలిగినదో, మురిసినదో వీపు చూచి తోటిపిల్లలు చెప్పగలగాలి. ఆ పరీక్ష నెగ్గిన పిల్ల అద్దం ముందు ఎంతసేపు నిలిచినా నాకు అభ్యంతరం లేదు.