ప్రతిజ్ఞలతో ఆగే మత్తు కాదిది



ఏటా జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం వస్తుంది. బడిపిల్లలు ప్లకార్డులు పట్టుకుని ర్యాలీ తీస్తారు, చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. మర్నాటి సాయంత్రం మళ్లీ ట్యూషన్, లేదా ఫోను, లేదా వీధి చివర ఊసుపోని గుంపు. మన శ్రద్ధా ఖర్చూ చేరాల్సింది ఆ సాయంత్రాలకే.

కౌమారంలో మెదడంతా ఒకే వేగంతో ఎదగదు. ఆనందాన్నీ కొత్తదనాన్నీ కోరే భాగాలు ముందే చురుకెక్కుతాయి. ముందువెనుకలు ఆలోచించి ‘వద్దు’ అనగలిగే భాగం నుదుటి వెనుక ఉంటుంది. అది పూర్తిగా పరిణతి చెందడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. పక్కన స్నేహితులుంటే తెగింపు ఇంకా పెరుగుతుంది. ఈ వయసులోనే మత్తు మొదలుపెట్టినవారికి వ్యసనం ముప్పు ఎక్కువ.

అలాంటి వయసువారిని ఎప్పుడో రాబోయే రోగంతో బెదిరిస్తే పెద్దగా ఫలితం ఉండదు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ‘డేర్’ కార్యక్రమంలో పోలీసులే తరగతులకు వెళ్లి మత్తుకు వ్యతిరేకంగా పాఠాలు చెప్పారు. దాని ప్రభావం అంతంతమాత్రమేనని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి.

ఐస్‌లాండ్ మరో దారి పట్టింది. 1998లో అక్కడి 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడచిన నెలలో తాగి మత్తెక్కామని చెప్పారు. 2016 నాటికి ఆ సంఖ్య 5 శాతానికి పడిపోయింది. రోజూ సిగరెట్ తాగేవారు 23 శాతం నుంచి 3 శాతానికి తగ్గారు. ఆటలకూ సంగీతానికీ ప్రభుత్వాలు డబ్బిచ్చాయి. రాత్రి పొద్దుపోయాక పిల్లలు పెద్దల తోడు లేకుండా బయట తిరగకూడదని చట్టం చెప్పింది. దాన్ని పాటిస్తామని తల్లిదండ్రులు తమలో తాము ఒప్పందాలు రాసుకున్నారు. పిల్లలనే వారి అలవాట్ల గురించి తరచూ అడిగి, ఏ ఊరి లెక్క ఆ ఊరికి అందించారు.

అది చిన్న దేశం, డబ్బున్న దేశం అనేవారుంటారు. నిజమే. కానీ మనకు చట్టాలు తక్కువేం కాదు. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. పిల్లలకు మత్తు పదార్థాలు ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా జైలు పడుతుంది. అయినా 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో పెద్దలకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు ఒకటుంది: పీల్చేది. అందుకు వాడే వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ మామూలు దుకాణాల్లో దొరికే సరుకులు. ఎంతమంది పోలీసులను పెట్టినా వాటన్నిటికీ కాపలా కాయలేరు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ విన్నపం. మైదానం లేని బడికి, ఆటల పీరియడ్ ఎత్తేసిన ఇంటర్ కాలేజీకి అనుమతి పొడిగించవద్దు. సర్కారు బడుల మైదానాలను చీకటి పడేదాకా తెరిచి ఉంచి, వ్యాయామ ఉపాధ్యాయుల ఖాళీలు నింపండి. తల్లిదండ్రులారా, బిడ్డ ఇప్పటికే మత్తులో చిక్కితే కొట్టకండి, దాచకండి. 14446కు ఫోన్ చేయండి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ