ఐ.సి.యు.లో తికమక మాటలు – పిచ్చి కాదు, గాలి కాదు

ఐ.సి.యు.లో ఉన్న రోగి ఉన్నట్టుండి కన్నకొడుకునే గుర్తుపట్టక పోవచ్చు. గదిలో లేనివారు కనబడుతున్నారని చెప్పవచ్చు. ముక్కులోని గొట్టం లాగివేయవచ్చు. ఇది చూసి కొందరు పిచ్చి పట్టిందని, మరికొందరు గాలి సోకిందని భయపడతారు. రెండూ కావు. మన పెద్దలు సంధి ప్రేలాపన అన్నదాన్నే వైద్యులు డెలీరియం అంటారు. తీవ్రమైన జబ్బు, ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, కొన్ని మత్తు మందులు, నిద్రలేమి మెదడు పనిని దెబ్బతీసినప్పుడు ఇది వస్తుంది.

అరిచే రోగిని అందరూ గమనిస్తారు. కానీ చాలామందిలో డెలీరియం చడీచప్పుడు లేకుండా వస్తుంది. రోగి మగతగా పడి ఉంటారు, పిలిస్తే ఆలస్యంగా పలుకుతారు, చెప్పింది వెంటనే మరచిపోతారు. "ఈరోజు ప్రశాంతంగా ఉన్నారు" అని ఇంటివారు సంతోషిస్తారు. నిన్నటికి, ఈరోజుకు తేడా మీకే ముందు తెలుస్తుంది. వెంటనే నర్సుతో చెప్పండి.

జబ్బు తగ్గితే ఇదీ అదే పోతుందిలే అనుకోవడం సరికాదని మా అభిప్రాయం. అమెరికాలో 821 మంది రోగులపై జరిగి, 2013లో వెలువడిన అధ్యయనంలో 74 శాతం మందికి ఆసుపత్రిలో ఉండగా డెలీరియం వచ్చింది. అది ఎక్కువ రోజులు ఉన్నవారికి ఏడాది తరువాత కూడా జ్ఞాపకశక్తి, ఆలోచన ఎక్కువగా దెబ్బతిన్నట్టు తేలింది. ఇంటికి వచ్చాక మాత్రలు మరచిపోతుంటే, డబ్బు లెక్క తప్పుతుంటే వయసు మీదికి నెట్టకండి, డాక్టరుకు చెప్పండి.

"నిద్ర ఇంజక్షన్ ఇవ్వండి" అని కొందరు ఒత్తిడి చేస్తారు. అనవసరమైన మత్తు డెలీరియాన్ని పెంచవచ్చు. ఇలాంటి రోగులకు వాడే హాలోపెరిడాల్ అనే మందు కూడా డెలీరియం రోజులను తగ్గించలేదని 2018లో తేలింది. అసలు కారణానికి చికిత్స, నొప్పి తగ్గించడం, పగలు వెలుతురు, రాత్రి నిశ్శబ్దం, వీలైనంత త్వరగా లేపి కూర్చోబెట్టడం – మేలు చేసేవి ఇవి.

ఇంటివారిని ఎక్కువసేపు లోపలికి రానిస్తే డెలీరియం తగ్గుతుందా? 2019లో బ్రెజిల్ అధ్యయనం అలా నిరూపించలేకపోయింది. అయితే ఇంటివారి ఆందోళన మాత్రం తగ్గింది. అందుకే రోగి దగ్గర ఒకరు నెమ్మదిగా కూర్చోవడం మంచిదే అంటాము. కళ్ళజోడు, చెవి మిషను తెచ్చి ఇవ్వండి. మీరెవరో, ఈరోజు ఏ వారమో చెప్పండి. తప్పు మాట్లాడితే వాదించవద్దు.

చివరగా ఒక గట్టి మాట. రోగికి మద్యం అలవాటు ఉంటే సంఘంలో పరువు పోతుందని దాచవద్దు. రోజూ తాగేవారికి అది ఒక్కసారిగా ఆగితే, సాధారణంగా రెండు మూడు రోజుల్లో వచ్చే డెలీరియం ప్రాణం తీయవచ్చు. మిగతావారికి తగ్గించే మత్తు మందే వీరికి అవసరమవుతుంది. ముందే తెలిస్తేనే డాక్టరు ఆ చికిత్స వేళకు చేయగలరు. చెవిలో చెప్పినా చాలు, కానీ చేరిన రోజే చెప్పండి.