శబ్దం వినబడుతుంది, మాట విడిపడదు

మేడ్చల్, షామీర్‌పేట దారుల్లోని ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా, డీజే మోత నడుమ మౌనంగా కూర్చున్న పెద్దలు కనిపిస్తారు. ఏమడిగినా చిరునవ్వే సమాధానం. చెవుడు వచ్చిందని మనం తేల్చేస్తాం. అది సగం నిజం. వారికి శబ్దం వినబడుతూనే ఉంటుంది. అందులోంచి ఒకరి మాటను వేరుచేసుకోవడమే కష్టం.

ఈ వేరుచేయడాన్ని 1953లో కాలిన్ చెర్రీ పరిశోధనాంశంగా నిలిపారు. రెండు చెవులకు చేరే ధ్వనిలోని కాలభేదం, తీవ్రతాభేదం మెదడుకు ఆధారాలు. వయసుతో లోపలి చెవిలోని రోమకణాలు దెబ్బతిని, స, శ వంటి హల్లులు ముందుగా మసకబారుతాయి.

గణితం ఈ పనిని మరో దారిలో చేస్తుంది. ఇద్దరు మాట్లాడుతుండగా రెండు మైకులు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క దానిలో రెండు గొంతులూ వేర్వేరు పాళ్లలో కలిసి ఉంటాయి. కంప్యూటర్ ఏవో పాళ్లు ఊహించి విడదీస్తుంది. వచ్చిన రెండు ధారలు ఒకదానిపై ఒకటి ఎంత ఆధారపడి ఉన్నాయో కొలుస్తుంది. ఆ కొలత కనిష్ఠమయ్యేదాకా పాళ్లను సవరిస్తుంది. ఇదే ఆప్టిమైజేషన్. 1995లో బెల్, సెజ్నోస్కీ ప్రచురించిన పద్ధతి ఈ కోవకు చెందినదే. తల్లి పొట్టపై నమోదైన సంకేతాల నుంచి గర్భస్థ శిశువు గుండె లయను విడదీయడానికీ ఇటువంటి గణితాన్నే పరిశోధకులు వాడారు.

అయితే రికార్డింగును తీరికగా విడదీయవచ్చు. చెవిలోని యంత్రానికి దొరికే వ్యవధి కొన్ని మిల్లీసెకన్లే. హాలు గోడల ప్రతిధ్వని, మైకులకు మించిన గొంతులు లెక్కను తప్పిస్తాయి. పైగా వినేవారికి కావలసింది మనవరాలి గొంతా, పక్క బల్ల వారిదా అన్నది యంత్రానికి తెలియదు. అందుకే ఈ విద్యకు అసలు పరీక్ష నిశ్శబ్దమైన ప్రయోగశాలలో కాదు, మన పెళ్లి పందిట్లో జరగాలని నా అభిప్రాయం. షామీర్‌పేట చేరువలో బిట్స్ ప్రాంగణం, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. ఇంజనీర్లు, ఆడియాలజిస్టులు కలిసి కూర్చుంటే తెలుగు మాటకు, పింఛనుదారు స్తోమతకు తగిన యంత్రం రావచ్చు.

అంతవరకు మీరు చేయవలసినవి ఉన్నాయి. పెద్దల చెవిలో గులిమి ఉందేమో చూపించండి; ఆడియోమెట్రీతో పాటు రొదలో మాట వినే పరీక్షనూ అడగండి. అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే చౌక పరికరాలతో తృప్తిపడకండి. స్పీకర్లకు దూరంగా కూర్చోబెట్టి, ఎదురుగా, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే ఆ రోజే వైద్యుణ్ణి కలవండి.

2020 నాటి లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీయగల, మనం సరిదిద్దుకోగల ముప్పులలో వినికిడి లోపాన్నీ చేర్చింది. కనుక పెద్దల మౌనాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకోకండి.